కాకినాడ సముద్రంలో అసెంబ్లీ పాయింట్

తీరం కనుచూపు మేరలో ఉండగానే మా బోటు ఇంజన్ నుంచి నల్లటి పొగ వచ్చింది. మణికొండ నుంచి ఒంటరిగా వెళ్లిన నేను తప్ప, బోటెక్కినవాళ్లంతా కాకినాడకు విహారయాత్రకు వచ్చిన ఒక హైటెక్ సిటీ ఆఫీసు ఉద్యోగులు. వాళ్ల సెక్యూరిటీ సూపర్‌వైజర్ యాదగిరి లేచి నిలబడ్డాడు.

"పరేషాన్ గాకుండ్రి! సామాన్లు ఇడిచిపెట్టి అందరు ముందటికి రండ్రి!"

ఎవరూ ఎందుకని అడగలేదు. ఆఫీసులో ఫైర్ డ్రిల్ జరిగినప్పుడల్లా ఆయన పిలవడం, వాళ్లు అసెంబ్లీ పాయింట్‌లో గుమిగూడడం అలవాటే. అందరూ ముందుకెళ్లి ఒకే పక్కన చేరారు. బోటు అటు ఒరిగింది, నీళ్లు లోపలికొచ్చాయి. నా పక్కనుంచి లేచి వెళ్లిన వాళ్ల ఆఫీసు అమ్మాయి శ్రావణి లైఫ్ జాకెట్‌ను చేత్తో పట్టుకుంది తప్ప తొడుక్కోలేదు.

"కూర్చోండి బాబూ, ఎక్కడోళ్లక్కడే! తిరగబడిపోద్ది!" బోటు నడిపే నూకరాజు కేకేశాడు.

యాదగిరి మొహం పాలిపోయింది. "సగం మంది ఇటు దిక్కు కూసోండ్రి, మెల్లగ," అన్నాడు. సగం మంది పాకుతూ వెనక్కి వచ్చారు. బోటు నిలదొక్కుకుంది. "జర అది తొడుక్కో బిడ్డా," అంటూ శ్రావణి జాకెట్ బెల్టు తానే బిగించాడు.

పొగ తగ్గినా ఇంజన్ మళ్లీ స్టార్టు కాలేదు. అలల మీద ఊగుతూ కూర్చున్నాం. నూకరాజు ఫోన్ చేస్తే వచ్చిన ఇంకో బోటులోకి ఒక్కొక్కరమే దాటాం. యాదగిరి మాత్రం వంగి బల్లల కింద చూస్తున్నాడు.

"రండి యాదగిరి గారూ, ఏం వెతుకుతున్నారు?" అని పిలిచాను.

"ఎవరన్న మిగిలిన్రేమో సూడాలె గద సార్. ఆఖరికి దిగేటోన్ని నేనే."

నూకరాజు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "నా బోటులో ఆఖర్న దిగేది నేనండి. మీరు పదండి."