అవ్వ కట్టిచ్చిన మిరపకాయలు

ఆ రోజుల్లో మా బిజినేపల్లి నుంచి ఎవరైనా ఫారిన్ పోతున్నారంటే దుబాయో మస్కటో అనుకునేవారు, అదీ మగవాళ్లే. అలాంటిది డిగ్రీ అయిపోయి, నాగర్‌కర్నూల్లో ఒక స్వచ్ఛంద సంస్థలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్న నేను, జబ్బుపడ్డ పిల్లలకు సేవ చేయడానికి రెండు నెలలు నేపాల్ పోతున్నానని తెలిసేసరికి వీధిలో నాకు పెరిగిన గౌరవం అంతా ఇంతా కాదు. పాస్‌పోర్టు అక్కర్లేదని, రైల్లోనే పోతానని తెలిశాక అందులో సగం తగ్గిందనుకోండి. "విమానం ఎక్కకుండ ఫారినేంది?" అని మా చిన్నాయన అందరి ముందూ అడిగి నా పరువు తీశాడు. నేను మాత్రం పైకి సేవ గురించి గంభీరంగా మాట్లాడుతూ, లోపల మంచుకొండల ముందు నిలబడి ఫొటో ఎలా దిగాలా అని ఆలోచించేదాన్ని. (సేవ మీద ఆసక్తి లేదని కాదు. ఉంది. కొండల తర్వాత ఉంది.)

బయల్దేరే రోజు మా అవ్వ జొన్నరొట్టెలతో పాటు పాత చీరపీలికలో ఎండుమిరపకాయలు, గల్లుప్పు మూటగట్టి ఇచ్చింది. "ఆడుండే పిల్లలకు దిష్టి దీసెటోళ్లు ఉంటరో లేరో. జొరంగిట్ల వస్తే తలకాయ సుట్టూ తిప్పి నిప్పుల్ల ఎయ్యి బిడ్డా. ఘాటు రాకుంటే దిష్టి ఉన్నట్టు. దగ్గొచ్చిందనుకో, ఏం లేనట్టు" అంది. "అది పెద్ద దవాఖాన అవ్వా, డాక్టర్లుంటరు" అన్నాను, చదువుకున్నదాన్ని కదా. "ఉంటే ఉండనీ. వాళ్ల పని వాళ్లు జేస్తరు" అంది అవ్వ.

కొండమీది చిన్న ఊళ్లో ఎముకల జబ్బుల పిల్లల ఆసుపత్రి అది. కాళ్లకు పిండికట్లతో మంచాల మీద ఉండే పిల్లలను ఆడించడం, అన్నం తినిపించడం, కట్టు లోపల దురద పెడితే ఏడవకుండా మాటల్లో పెట్టడం నా పని. నా వంతుకు వచ్చిన ఏడేళ్ల పిల్లకు రెండు కాళ్లకూ కట్లే. దాని పేరు నాకు నోరు తిరక్క బుజ్జి అనేదాన్ని, అది నన్ను దీదీ అనేది. కూలి పనులు చేసుకునే వాళ్లమ్మ మంచం పక్కన నేలమీదే పడుకునేది. మా పాలమూరు ఉర్దూ, వాళ్లకొచ్చిన హిందీ కలిసి మాకు కబుర్లు బాగానే నడిచేవి. నా చెయ్యి పట్టుకోనిదే బుజ్జి సూది వేయించుకునేది కాదు. నేను అందుకు తెగ మురిసిపోయేదాన్ని, ఒక శుక్రవారం దాకా.

అక్కడ సెలవు శనివారం. తోటి వాలంటీర్లమంతా జీపు మాట్లాడుకుని, దగ్గర్లోని శిఖరమెక్కి సూర్యోదయం చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. కెమెరాలో కొత్త రీలు కూడా వేసుకున్నాను. సరిగ్గా శుక్రవారం మధ్యాహ్నం బుజ్జికి జ్వరం వచ్చింది. "తగ్గితే వెళ్లు. లేకపోతే నువ్వు లేకుండా ఆ పిల్ల మందు తాగదు" అంది పెద్ద నర్సమ్మ. మందు తాగించాను, తడిగుడ్డ వేశాను, దాని నుదురు కంటే ఎక్కువగా గడియారం చూశాను. చివరికి దారి దొరక్క అవ్వ మూట విప్పాను.

వార్డు వరండాలో తల్లులు చలి కాచుకునే బొగ్గుల కుంపటి ఒకటి ఉంది. బుజ్జి చుట్టూ దిగదుడిచాను. అవ్వ అయితే మూడు కాయలు వేసి ఊరుకునేది. నాకు జీపు వచ్చేలోగా పని జరగాలి కాబట్టి మూట మొత్తం కుంపట్లో కుమ్మరించాను. గాలి వార్డులోకి కొట్టింది. మొదట చివరి మంచం పిల్లవాడు తుమ్మాడు, ఆ తర్వాత వార్డంతా అందుకుంది. పాపం, లేచి పరుగెత్తడానికి ఒక్కరికీ కాళ్లు స్వాధీనంలో లేవు. నర్సులు ముక్కులు మూసుకుని మంచాలను బయటికి నెడుతుంటే, విరాళాలిచ్చే విదేశీయులకు ఆసుపత్రి చూపిస్తూ పెద్ద డాక్టరుగారు అప్పుడే వచ్చారు. ఒక దొరసాని "గ్యాస్! గ్యాస్!" అని కేకపెట్టి మెట్లు దిగిపోయింది. "ఎవరిది ఈ పని?" అని డాక్టరుగారు దగ్గుల మధ్య అడిగారు. ఖాళీ చీరపీలికతో నేను నిలబడి ఉన్నాను. ఆయన తిట్టిన తిట్లు సగమే అర్థమయ్యాయి, ఆ సగమే ఎక్కువైంది. (అంత ఘాటు వచ్చిందంటే, అవ్వ చెప్పినదాని ప్రకారం పిల్లకు దిష్టే లేదు.)

మందు పనిచేసి సాయంత్రానికి జ్వరం దిగింది. బుజ్జి వాళ్లమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మా వైపూ ఇట్లాగే తీస్తాం. నా బిడ్డ కోసం అందరి ముందూ తిట్లు తిన్నావు. సొంత అక్క కూడా ఇంత చేయదు" అంటూ కళ్లు తుడుచుకుంది. అప్పటికి మిరపకాయల పొగ ఎప్పుడో పోయింది. అవి నిజం కన్నీళ్లే. ఏదో గొణిగి, జీపు ఎన్నింటికో కనుక్కోవడానికి వెళ్లాను. వెళ్లానండీ, నిజంగానే వెళ్లాను.

శిఖరం మీద సూర్యుడు కాదుకదా, పక్కనున్న మనిషి కూడా కనపడనంత మంచు. దిగేటప్పుడు దారికి అడ్డంగా కొండచరియ కూలి జీపు ఆగిపోయింది. చీకటి పడే వేళకు ఎలాగో వార్డు గుమ్మం చేరితే, "లోపలికి రావద్దు దీదీ!" అని బుజ్జి మంచం మీంచి అరిచింది. వదిలి వెళ్లినందుకు కోపమొచ్చిందనుకున్నాను, నాకు తగిన శాస్తే అనుకున్నాను. అంతలో వాళ్లమ్మ వంటవాళ్లనడిగి తెచ్చిన ఉప్పు, మిరపకాయలతో ఎదురొచ్చింది. దారి కూలిందని విన్నప్పటినుంచి బుజ్జి అన్నం ముట్టలేదట. దీదీ క్షేమంగా వస్తే గుమ్మంలోనే దిష్టి తీయాలని తల్లి చేత ఒట్టు వేయించుకుందట. నా తల చుట్టూ తిప్పి, ఈసారి కుంపటిని వరండా ఆ చివరికి జరిపి అందులో వేసింది. వార్డంతా ముక్కులు పట్టుకుని ఎదురుచూసింది. ఘాటు రాలేదు. "చూశావా, నీకెంత దిష్టి ఉండిందో!" అంది ఆ తల్లి. బుజ్జి చప్పట్లు కొట్టింది. మెడలో కెమెరాతో నేను తల దించుకుని నిలబడ్డాను. సిగ్గుతో ఒళ్లంతా మండడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

ఊరికి తిరిగొచ్చాక చిన్నాయన దండ వేసి, "మస్తు సేవ జేసొచ్చింది మా బిడ్డ" అని అందరికీ చెప్పాడు. అవ్వ మాత్రం ఖాళీ చీరపీలిక చూసి, "ఎవరికన్న దిష్టి దీసినవా?" అని అడిగింది. "నాకే దీసిండ్రు అవ్వా" అన్నాను. "గిదేంది! నువ్వు పోయింది పిల్లలకు జెయ్యనీకి గదా?" అంది అవ్వ.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యే వయసుకు దగ్గరపడుతున్నాను. పోపులో మిరపకాయ మాడి ఇంటిల్లిపాదీ దగ్గుతూ నన్ను తిట్టుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఏ దగ్గూ వినపడని ఆ సాయంత్రం గుర్తొచ్చి ఆ నవ్వు కాస్త మధ్యలోనే ఆగిపోతుంది. "నువ్వు పోయింది పిల్లలకు జెయ్యనీకి గదా?" అని అవ్వ మళ్లీ అడిగినట్టుంటుంది.