ప్రొజెక్టర్ గదిలోంచి చూసిన సినిమా

సినిమా హాల్లో ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ తిప్పి రిటైరైన ఆపరేటరుకి పాత హాలీవుడ్ సినిమాలంటే ప్రాణం. ప్రతి ఆదివారం స్నేహితుడైన దర్జీ కొట్లో కూర్చుని ఆ తారల ముచ్చట్లు చెప్పేవాడు. అందులో ఒక సినిమాలో రైల్వే స్టేషన్లో హీరోయిన్ వెక్కి వెక్కి ఏడ్చే సీను తప్పకుండా ఉండేది.

"మొగుడు యుద్ధానికి వెళ్లిపోతున్నాడు పాపం!" అనగానే దర్జీ భార్య కళ్లొత్తుకునేది.

మొన్న దర్జీ కూతురు ఆ సినిమాని తెలుగు సబ్‌టైటిల్స్‌తో లాప్‌టాప్‌లో పెట్టింది. తీరా చూస్తే హీరోయిన్ ఏడుస్తున్నది పోయిన పెట్టె కోసం!

దర్జీ పగలబడి నవ్వాడు. "ఇన్నేళ్లూ ఒక పెట్టె కోసం మా ఆవిడని ఏడిపించావటయ్యా!"

ఆపరేటరు మొహం చిన్నబోయింది. "ప్రొజెక్టర్ మోతలో మాటలెక్కడ వినబడి చచ్చాయి? వినబడినా నాకు ఇంగ్లీషు వస్తేగా!"

"మీరూరుకోండి," అని దర్జీ భార్య మొగుణ్ని కసిరింది. "అన్నయ్యగారు చెప్పిందే బావుంది. ఆ అక్షరాలూ సౌండూ తీసెయ్యవే."

కూతురు తీసేసింది. ఆపరేటరు గొంతు సవరించుకుని కథ మొదటినుంచీ చెప్పాడు. ఈసారి ఆ మొగుణ్ని యుద్ధం నుంచి క్షేమంగా ఇంటికి కూడా రప్పించాడు.