మూడు గెంతులకు నాలుగడుగులు

కుందేళ్ల షెడ్ల వాళ్లు ఎదురుపడితే సార్ అంటారు, ఆయన అటు తిరగ్గానే టేపాయన అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, కోపమేమీ లేదు. జంతు సంక్షేమ శాఖలో ఇరవై ఆరేళ్లుగా తనిఖీ ఉద్యోగం వెలగబెడుతూ, బెల్టుకి ఇనప టేపు తగిలించుకుని తిరిగే మనిషిని మరేమంటారు? గూడు పొడవు లోపలి నుంచి కొలవాలి. పిల్లలు పెట్టే పెట్టె ఆక్రమించిన చోటు లెక్కలోకి రాదు. కుందేలు చెవులు నిక్కించి నిలబడితే పైకప్పు తగలకూడదు. నేలంతా తీగజాలీ అయితే పాదాలు పుళ్లు పడతాయి కాబట్టి సగమైనా చెక్క ఉండాలి. నిద్రలో లేపి అడిగినా ఈ నాలుగు ముక్కలూ గడగడా అప్పజెబుతాడు. రెండు వేళ్లు తక్కువైనా సరే, గూడు మార్చాల్సిందే. కాళ్లావేళ్లా పడినా వినడు. ఇంట్లో మాత్రం భార్య కూర్చోమన్న చోట కూర్చుంటాడు, లెమ్మన్నప్పుడు లేస్తాడు.

ఇక పొడవు సంగతి. కుందేలు మూడు గెంతులు గెంతడానికి సరిపడా, అంటే కనీసం నాలుగడుగులు ఉండాలని చట్టంలో ఉంది. ఆ నాలుగడుగులూ ఈయన చలవే. పదకొండేళ్ల కిందట చట్టం రాసే కమిటీ పెద్దలు మూడు గెంతులని తీర్మానించారు గానీ, మూడు గెంతులంటే ఎంతో ఒక్కరికీ తెలియదు. ఈయన్ని పిలిచి కొలుచుకురమ్మన్నారు. ఈయన ఓ పెద్ద షెడ్డుకి వెళ్లి, పన్నెండు కుందేళ్లని ఒక్కోటిగా సిమెంటు గచ్చు మీద వదిలి, సుద్దముక్కతో గీతలు గీసి, సగటు తీసి ఇచ్చాడు. అప్పటిదాకా గూళ్లు రెండడుగులుండేవి. ఒక్క దెబ్బతో రెట్టింపయ్యాయి. ఆ పేజీ అచ్చయి వచ్చిన రోజున ఇంటికి తెచ్చి కూతురికి చూపించాడు. గర్వపడ్డాడు, పడాల్సిందే కూడా.

కనీసం అన్న మాటని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. గూళ్లు చేసేవాళ్లందరూ సరిగ్గా నాలుగడుగులకే జాలీ కత్తిరించారు. ఎక్కువ చేస్తే పాపం తగులుతుందేమో అన్నట్టు ఒక్క వేలైనా ఎక్కువ వేసిన మహానుభావుడు ఆయనకి కనపడలేదు.

కూతురు ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన కుందేలు కూనని నిరుడు ఒడిలో పెట్టుకుని తెచ్చింది. దానికి గూడంటూ లేదు, ఇల్లంతా దానిదే. ఫోను తీగలు కొరికిందని తల్లి నెల రోజులు సణిగి, ఆ తర్వాత క్యారెట్ ఆకులు దానికోసమే దాచడం మొదలుపెట్టింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఆయన నడవాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటుంటే, అది ఆయన కాళ్ల దగ్గర మొదలై మూడు గెంతుల్లో వంటగది గడప దగ్గర తేలింది. ఆయన పేపరు పక్కన పెట్టి టేపు తీశాడు. తొమ్మిదడుగుల పైచిలుకు వచ్చింది. మళ్లీ కొలిచాడు.

"మళ్లీ ఎందుకండీ? ఈలోపు నడవా ఏమన్నా పెరిగిందా?" అంది భార్య.

"నేను తప్పు కొలిచానే."

"ఇప్పుడేగా కొలిచారు?"

"ఇప్పుడు కాదు. పదకొండేళ్ల కిందట."

ఆ పన్నెండు కుందేళ్లూ రెండడుగుల గూళ్లలో పుట్టి, ఆ గూళ్లలోనే పెరిగినవి. కాళ్లు బారచాపడం ఎరగని ప్రాణాలు. పైగా కొత్త చోటు, భయం. అవి గెంతినంతే గెంతు అనుకుని ఈయన గీత గీశాడు. ఆ గీత చట్టమైంది. ఎన్ని వేల కుందేళ్లు దాని లోపల బతికి చచ్చాయో లెక్కవేసుకున్నాడు. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు షెడ్డులో టేపు పరిస్తే నాలుగడుగులు నిక్కచ్చిగా ఉంది. చట్టప్రకారం వంక పెట్టడానికి లేదు. కక్కలేక మింగలేక 'సరిపోయినది' అని రాసి సంతకం పెట్టాడు. ఆ పక్క షెడ్డులోనూ అంతే. రోజుకి నాలుగైదు షెడ్లు, అన్ని సంతకాలూ తెలిసి తెలిసి పెడుతున్నవే. ఆగలేక పై అధికారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అధికారి నవ్వు ఆపుకోలేదు. "తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లని చూశాను గానండీ, నాలుగో కాలు ఇప్పుడే కనబడిందని పదకొండేళ్లకి వచ్చి చెప్పేవాణ్ని మిమ్మల్నే చూశాను!"

"నవ్వండి సార్, ఫర్లేదు. మళ్లీ కొలవనివ్వండి, అంతే."

ఎనిమిది నెలలు ఉత్తరాలు రాశాడు, ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగాడు. ఉద్యోగం ఇంకో ఏడాదే ఉంది, ఎందుకొచ్చిన గొడవని తోటివాళ్లు చెప్పి చూశారు. చివరికి కమిటీ సరేనంది. తమ కళ్ల ముందే, సమావేశం హాల్లోనే కొలవమంది. కుందేళ్లు మాత్రం లైసెన్సున్న షెడ్డు నుంచే రావాలంది.

"మా ఇంట్లో ఒకటుంది సార్, దాన్ని తెస్తాను."

"ఇంట్లో పెంచింది నమూనా కిందకి రాదండీ. చట్టప్రకారం పెరిగిన కుందేలు కావాలి."

"చట్టప్రకారం పెరగడమంటే నాలుగడుగుల్లో పెరగడమే కదా సార్? పోనీ, ఓ రెండు నెలలు తిరగడానికి చోటిచ్చి, అప్పుడు కొలుద్దాం."

"రూల్సులో అలాంటిది లేదు. ఇష్టమైతే కొలవండి, లేకపోతే ఫైలు మూసేస్తాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన ఒప్పుకున్నాడు. రెండడుగుల నుంచి నాలుగడుగులకి వచ్చిన జాతి, గెంతు కొంతైనా సాగి ఉండకపోతుందా అని ఆశపడ్డాడు.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడదాకా ముప్ఫై అడుగుల పొడవున గోనెపట్టా పరిచారు. కమిటీవాళ్లు కుర్చీలు జరుపుకుని కూర్చున్నారు. ఆయన మొదటి బుట్ట మూత తీశాడు. తెల్లటి ఆడ కుందేలు చాలాసేపటికి బయటికొచ్చింది. ఒక గెంతు. రెండు. మూడు. ఆగింది. ఎదురుగా పట్టా అంతా ఖాళీగా ఉంది.

"ఇంకా ఉందే తల్లీ, పో, ముందుకి పో," అన్నాడు ఆయన మోకాళ్ల మీద వంగి.

అది వెనక్కి తిరిగి, మూడు గెంతుల్లో బుట్ట దగ్గరికి వచ్చేసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పన్నెండూ అయ్యేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. సగటు తీస్తే నాలుగడుగులకి రెండు వేళ్లు తక్కువ వచ్చింది.

అధికారి ఆయన భుజం తట్టాడు. "అనవసరంగా మనసు పాడుచేసుకున్నారు. మీ పాత లెక్కే బంగారమండీ!"

కమిటీలో కళ్లద్దాల పెద్దాయన ఒకాయన కాగితం మీద ఏదో కూడి, తల పైకెత్తాడు. "నిజానికి నాలుగు కూడా ఎక్కువే అవుతోంది కదా. మూడున్నరకి తగ్గిస్తే పోలా? షెడ్ల వాళ్లూ ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. నాలుగడుగులు చాలవని చెప్పడానికి ఎనిమిది నెలలు కాళ్లరిగేలా తిరిగిన మనిషి, ఆ పట్టా మీద నిలబడి అందరికీ రెండు చేతులూ జోడించాడు.

"తగ్గించకండి సార్. నాలుగడుగులు సరిగ్గా సరిపోతాయి. నేనే కొలిచాను."

కమిటీ దయతలచి ఒప్పుకుంది. ఆ మాటే రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు.