అయిదు కిలోల పాప

పాత పేపర్ల కొట్టులో తూకం వేసే అతన్ని అందరూ కాటాయన అంటారు. లేకలేక పుట్టిన కూతురికి పైపెదవి ముక్కుదాకా చీలి ఉంది, లోపల అంగిలీ అంతే. "అయిదు కిలోలు రానివ్వండి, పెదవి కుట్టేద్దాం. అంగిలి సంగతి ఏడాది వచ్చాక చూద్దాం," అంది డాక్టరమ్మ. మత్తిచ్చి చేస్తారన్న మాట చెవిన పడగానే ఆయనకి పైప్రాణాలు పైనే పోయాయి. అంత పసిగుడ్డు, మళ్లీ కళ్లు తెరవకపోతే?

"బరువు చూడ్డానికి ఆసుపత్రిదాకా ఎందుకు? మన కాటా లేదూ!" అన్నాడు భార్యతో. రోజూ సాయంత్రం ఆమె పాపని కొట్టుకి తెచ్చేది. ఆయన కాటా మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టేవాడు. నాలుగున్నర కిలోలు. పది రోజులకి ఇంకో వంద గ్రాములు. ఆ పిల్లకి పాలు పట్టడమంటే మాటలా! చెంచాతో బొట్టుబొట్టుగా పోస్తే సగం ముక్కులోంచి వచ్చేసేవి. ఒక్కోసారి పొలమారి పిల్ల నీలంగా అయిపోయేది.

"నా చేతుల్లోనే ఏదో ఉందండీ. ఎంత పోసినా ఒంటికి పట్టట్లేదు," అని ఆమె ఏడ్చింది.

ఆయన తువ్వాలు మడత పెట్టాడు. నిజం ఎలా చెబుతాడు మహానుభావుడు! ఆ కాటా కిలోకి వంద గ్రాములు తక్కువ చూపిస్తుంది. యజమాని చెబితే అలా మార్చింది ఈయన చేతులే. ఊరందరి పేపర్లనీ తూచినట్టే కన్నకూతుర్నీ తూచాడు. అయిదు రాని ప్రతి సాయంత్రం, సిగ్గులేకుండా, ఆయన గుండె కుదుటపడేది.

టీకా రోజున నర్సమ్మ తూచింది. "అయిదు కిలోల రెండొందలు! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారయ్యా?"

భార్య మొగుడి మొహంలోకి చూసింది. ఇక దాచడం ఆయన వల్ల కాలేదు. "మన కాటా తప్పని నాకు తెలుసే. భయమేసింది," అన్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ నాడు నర్సమ్మ చేతులు చాచింది. "మీరే ఇవ్వండి," అంది భార్య. ఆయన ఇచ్చాడు.

తలుపు అవతల పాప గుక్కపెట్టి ఏడ్చింది. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. "ఇంకో నెల ఆగాల్సిందేమోనండీ?"



"లేదే," అన్నాడు. "బరువు సరిపోయింది."