బావ బిగించిన రింగు

మా అక్క మొగుడి నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "నాకు తెలుసులే." హిందూపురంలో ఆయనకు తెలియని పని లేదు, సరిగ్గా చేసిన పనీ లేదు.

అక్క కూతురికి ధర్మవరంలో బాస్కెట్‌బాల్ సెలక్షన్లు ఉన్నాయని, ఇంటి ముందు ఆడుకోవడానికి రింగున్న స్టాండు కొన్నారు. ఎట్లా బిగించాలో చెప్పే కాగితాన్ని బావ నేల మీద పరిచి, దాని మీద బొరుగులు పోసుకుని తిన్నాడు. రింగును పైకీ కిందికీ మార్చుకునే వీలున్నా, అన్నిటికన్నా కిందే బిగించాడు.

"ఏం బావా, ఆడ ధర్మవరంలో రింగు ఇంకా ఎత్తులో ఉంటాది కదా?" అన్నాను.

"నాకు తెలుసులే. ఈడైతే పడతాది చూడు!" అంటూ తానే బంతి వేసి, మెచ్చుకోమన్నట్టు మా వైపు చూశాడు.

"పైకి పెట్టు నాయనా," అని పిల్ల బతిమాలింది. అప్పటికే బోల్టు తల అరిగిపోయేదాకా తిప్పేశాడు. అది ఇక ఊడలేదు. పిల్ల ఆ ఎత్తులోనే ఆడి ఆడి అలవాటు పడింది.

ధర్మవరంలో పిల్ల వేసిన ప్రతి బంతీ రింగు కిందుగానే పోయింది. ఎంపికైనవాళ్లలో దాని పేరు పిలవలేదు. తిరిగొచ్చే బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే, పెనుకొండ దాకా బావ తల వంచుకుని కూర్చున్నాడు. బుద్ధొచ్చిందేమో అనుకున్నాను.

పెనుకొండ దాటగానే పిల్ల తల నిమిరాడు.

"నాకు తెలుసులే పాపా. వాళ్లకు బిగించేది రాదు. రింగు మరీ పైన పెట్టినారు."