అత్తమ్మ పెట్టిన కందగడ్డ పరీక్ష

ఈరోజు పెర్కిట్ దగ్గరి మా చేనుకు పసుపు ఉడకబెట్టే బాయిలర్ బండి వచ్చింది. ఇన్నేళ్లూ పెద్ద కడాయిలో నీళ్లు పోసి ఉడికించిన మా అత్తమ్మ, బండి మీద చుక్క నీళ్లు లేని డ్రమ్ములను చూసి మొండికేసింది. కొమ్ములు పచ్చిగా మిగిలితే ఏడాది పంట పాడవుతుందని ఆమె భయం.

"కుక్కర్ లెక్కనే అత్తమ్మా. బాయిలర్ల అణిచిపెట్టిన ఆవిరి మరిగే నీళ్లకన్నా ఎక్కువ కాగుతది. గా ఆవిరే పైపుల నుంచి డ్రమ్ములకొస్తది" అన్నాను.

"గట్లనా బిడ్డా? అయితే ముందుగాల గిది ఉడకని."

కొంగులోంచి తియ్యటి కందగడ్డ, అదే చిలగడదుంప, ఒకటి తీసి, మొదటి డ్రమ్ములో పసుపు మీద పెట్టింది. మిగతా పసుపు ముట్టుకోనివ్వలేదు.

కాసేపటికి మూత తీశారు. ఆమె తొంగిచూడగానే ఆవిరంతా కళ్లద్దాల మీద నీళ్లై పేరుకుంది. అద్దాలు తుడుచుకోకుండానే కందగడ్డ విరిచి, ఊదుకుంటూ సగం తినేసింది. అందరం ఆమె నోటి వంకే చూస్తున్నాం.

"పొయ్యుండ్రి పసుపు" అంది.

సాయంత్రం దాకా ప్రతి డ్రమ్ములోనూ ఒక కందగడ్డ పెడుతూనే ఉంది. ఇంకా నమ్మకం కుదరలేదా అని అడిగితే, నిండు నోటితో అడ్డంగా తలూపింది.

పసుపు ఆవిరిలో ఉడికిన కందగడ్డ రుచి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. నాకు ముక్క కూడా మిగల్లేదు.