ఎండిన పుల్లకి నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంటి వంటచెరకంతా రైలు పట్టాల కింద నుంచే వచ్చేది. మా తాతయ్య బిలాస్‌పూర్‌లో గ్యాంగ్‌మేట్. పట్టాల కింద పాడైపోయిన చెక్క స్లీపర్లు తీయించి కొత్తవి వేయించడం ఆయన డ్యూటీ. తీసేసిన పాత చెక్కలు క్వార్టర్ల వాళ్లకి చవగ్గా దొరికేవి. అన్నీ సరయి చెక్కలే. మనవైపు గుగ్గిలం చెట్టంటారే, అదే. పొయ్యిలో పెడితే ఇల్లంతా పొగ, ఇంజను నూనె కంపు. నానమ్మ దగ్గుతూ రైల్వేని, తాతయ్యని కలిపి తిట్టేది.

ఒక ఏడాది తొలకరికి ముందు తాతయ్య నన్ను ప్యాసింజరెక్కించి కర్గీ రోడ్ తీసుకెళ్లాడు. స్టేషన్ దాటి కాస్త నడిస్తే అప్పట్లో అంతా సరయి అడవే. గింజలు రెక్కలతో గిరగిరా తిరుగుతూ రాలుతున్నాయి. వాటిని తువ్వాల్లో ఏరుకొచ్చి, ఆ సాయంత్రమే పెరట్లో పాతేశాడు. అది దాచుకునే గింజ కాదనీ, వారం దాటితే మొలవదనీ చెప్పాడు. ఉద్యోగమంతా ఈ చెట్లని పట్టాల కింద పడుకోబెట్టడంతోనే సరిపోయింది, పోయేలోగా రెండైనా నిలబెట్టాలి అన్నాడు.

సరిగ్గా రెండే బతికాయి. నీళ్లు పోసే పని నాకు అప్పగించారు. వానలకి నాలుగేసి ఆకులు తొడిగి, ఎండాకాలానికి పుల్లల్లా ఎండిపోయాయి. ఏడ్చాను. వానలు రాగానే మళ్లీ చిగురించాయి, వేసవి రాగానే మళ్లీ ఎండిపోయాయి. మూడో వేసవికి నాకు ఏడుపు పోయి విసుగు మిగిలింది. కుళాయి దగ్గర వరసలో నిలబడి తెచ్చిన నీళ్లు ఎండు పుల్లకి పోస్తుంటే పక్క క్వార్టర్ పిల్లలు నవ్వేవాళ్లు. ఒకరోజు చెంబు నేలకేసి కొట్టాను.

"సచ్చిపోనాయి తాతా. సచ్చినోటికి నీళ్లేటి?"

కోప్పడతాడనుకున్నాను. గునపం తెచ్చి ఒక పుల్ల పక్కనే తవ్వడం మొదలుపెట్టాడు. నేను అలిగి కూర్చున్నదాన్నల్లా మెల్లగా దగ్గరికి జరిగాను. పైన కనబడేది నా వేలంత పుల్ల. కింద వేరు మాత్రం తాతయ్య చెయ్యంత పొడుగుంది, ఇంకా లోపలికి దిగే ఉంది. గోటితో గిల్లితే పచ్చిగా, తడిగా తగిలింది.

"సూడే గుంటా. పైనది ఎండిపోతాది, మళ్లీ వస్తాది. ఇది మాత్రం ఏడాదేడాదికీ కిందకి ఎల్తానే ఉంటాది. బలం సాలినాక ఒక్కపాలి పైకి లేస్తాది."

వేరుని మళ్లీ మట్టిలో కప్పాడు గానీ, అంతలా తవ్వాక అది బతకలేదు. బతకదని ఆయనకీ తెలుసు. "ఉన్నవి రెండూ! అందులో ఒకటి సంపేసినావు, నీకు బుద్దుందా?" అని నానమ్మ చడామడా కడిగేసింది. తాతయ్య సొట్టపడిన చెంబు తీసి, నీళ్లు నింపి, నా చేతికిచ్చాడు.

ఇప్పుడు నాకూ మనవలొచ్చారు. టీచరుగా రిటైరై బిలాస్‌పూర్‌లోనే, కుదుదండ్ పేటలో ఉంటున్నాను. ఇక్కడ కొత్త రాష్ట్రం వచ్చాక మా ఊరికి ఎక్కడలేని తొందరా వచ్చింది. తాతయ్య గింజలేరిన ఆ అడవినే గోదాముల కోసం కొట్టేస్తామన్నారు. మేం కొందరం అడ్డం వెళ్లాం. అప్పటి నుంచీ ధర్నాలు, అర్జీలు, ఎండలో పడిగాపులు. ఆఫీసుల్లో పెద్దావిడనని కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, పని మాత్రం చెయ్యరు. మేం వెళ్తే రంపాలు ఆగుతాయి, మేం ఇంటికొస్తే మళ్లీ మొదలవుతాయి. ఈ వేసవికి సగం అడవి పోయింది. మోకాళ్ల సంగతి సరే, నాకు మనసే అలసిపోయింది. మొన్న మా మనవరాలు కొట్టేసిన చోటు చూసొచ్చి, "నానమ్మా, జంగల్ తో గయా. అబ్ క్యా ఫాయ్‌దా? పోయిన అడవికి ఇంకెందుకు, ఇంట్లో కూర్చో," అంది. ప్రేమతోనే అంది. నాకూ అదే నిజమనిపించింది. రేపటి ధర్నాకి రాలేనని చెప్పడానికి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

తాతయ్య రెండో మొక్క ఆయన పోయిన రెండేళ్లకి గాని పైకి లేవలేదు. ఇప్పుడది ఆ పాత క్వార్టర్ కప్పు దాటి ఎంతో ఎత్తుకెళ్లింది. ఆ క్వార్టర్లున్న తోర్వా వైపు పనుంటే ఆటో చుట్టూ తిప్పించి మరీ చూసొస్తాను. అది ఎదగడం తాను చూడనని తాతయ్యకి ఆ రోజే తెలుసనుకుంటాను. అందుకే ఉన్న రెండింటిలో ఒకదాన్ని పోగొట్టుకుని, రెండోదానికి నీళ్లు పోసే మనిషిని సంపాదించుకున్నాడు.

ఫోన్ పక్కన పెట్టి, రేపు నాతో రమ్మని మనవరాలిని పిలిచాను. మిగిలిన సగంలో గింజలు రాలే రోజులివి, అవి ఎవరి కోసమూ ఆగవు. ధర్నా అయ్యాక ఏరుకొద్దామన్నాను. "ఇంత ఎండలోనా?" అని విసుక్కుంటూనే సంచి వెతకడానికి లేచింది. నా అలసట ఎక్కడికీ పోలేదు, అలసటతోనే వెళ్తాను. ఆ రోజు తాతయ్య నా చేతికిచ్చిన చెంబు ఎక్కడ దించాలో నాకు ఇప్పటికీ తెలియదు.